నేరం వాగుది

ఆ టేబుల్‌లో మా అమ్మ మాట్లాడే భాషకు ఒకటి, మా నాన్న మాట్లాడే భాషకు సున్నా. ఇంట్లో కోయ మాట్లాడితే ఒకటి, తెలుగు మాట్లాడితే సున్నా అని సర్వే వాళ్లు ముందే ఖాయం చేసుకున్న గుర్తులవి. అందులో చిన్నచూపేమీ లేదు. లెక్క కోసం అలా పెట్టుకుంటారు, నేనూ పెడతాను. అయినా మొదటిసారి ఆ కాలమ్ తెరిచినప్పుడు, మరి మా ఇంటికి వీళ్లు ఏం వేస్తారో అని నవ్వొచ్చింది. మా అమ్మ అన్నం వడ్డిస్తూ ఫోన్లో వాళ్ల అన్నతో కోయలో మాట్లాడుతుంది, ఫోన్ పెట్టకుండానే నాన్నను తెలుగులో కసురుతుంది.

నేను చేసేది డేటా పని. కొత్తగూడెంలో ఒక చిన్న సంస్థలో ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. అడవి ఊళ్లలో ఆరోగ్యం గురించి ఎవరైనా అడిగితే లెక్కలు తీసి, గ్రాఫులు గీసి, రిపోర్టు రాసిస్తాం. ఆ ఎండాకాలం మా చేతికొచ్చిన పని ఒక జీపు గురించి.

బూర్గంపాడు వైపు అడవిలో ఒక వాగుంది. దాని అవతల ఉన్న ఊళ్లలో కాన్పులు చాలావరకు ఇళ్లలోనే అవుతున్నాయని, కిందటేడు వానలు తగ్గాక అవతలి ఒడ్డున ఒక కిరాయి జీపును పెట్టారు. నొప్పులు మొదలైతే ఊరి నుంచి ఒడ్డుదాకా జీపు, అక్కడ పడవ, ఇవతల అంబులెన్స్. ఇప్పుడు ఆ జీపును ఉంచాలా తీసేయాలా అన్నది తేలాలి. జీపు రాకముందు ఏ ఇంట్లో కాన్పు ఎక్కడ జరిగిందో ఈ ఎండాకాలమే ఊరూరా అడిగి తెచ్చిన సర్వే మా దగ్గరుంది. ఇంట్లో కనడానికి కారణం దారి అని తేలితే జీపు ఉంటుంది. కారణం అలవాటు అని తేలితే జీపు పోయి, దాని బదులు గోడల మీద బొమ్మలు, మైకులో అవగాహన పాటలు వస్తాయి.

మా మామ కూతురు, నాకు మరదలు, ఆ వాగు అవతలే ఉంటుంది. అప్పటికి తనకు ఆరో నెల. కాన్పు శ్రావణంలో, అంటే వాగు రెండు ఒడ్లూ ఒరుసుకుని పారే రోజుల్లో. ఈ సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు.

డేటా నా చేతికి వచ్చేసరికే మా ప్రాజెక్టు సార్ మోడల్ నడిపేశాడు. సార్‌ది మధిర. మర్యాదస్తుడు, ఆఫీసులో టీ తెచ్చే మనిషిని కూడా మీరు అనే పిలుస్తాడు. కాన్పు ఇంట్లో జరగడానికి ఏ కాలమ్ ఎంత కారణమో మోడల్ ఒక్కోదానికీ ఒక బరువు ఇచ్చి చెబుతుంది. అన్నిటికన్నా పెద్ద బరువు భాష మీద పడింది. దవాఖానాకు పోవాలంటే వాగు దాటాలా అన్న కాలమ్‌కు దాదాపు ఏమీ రాలేదు, పైగా వచ్చిన ఆ కాస్తకూ ముందు మైనస్ గుర్తు ఉంది. అంటే వాగు అడ్డమున్న వాళ్లు దవాఖానాకు ఇంకాస్త ఎక్కువగా పోతారని అర్థం. అది చూసి నేను పైకే నవ్వాను.

"ఏంటమ్మా నవ్వుతున్నారు?" అన్నాడు సార్.

"వాగుల ఈదుకుంట పోయి మరీ దవాఖాన్ల కంటున్నరంట సార్ ఆడోళ్లు. మీ మోడల్ చెప్తుంది."

"అది చిన్న నంబరమ్మా, వదిలేయండి. పైన ఉన్నది చూడండి. భాష. భాష అంటే సంప్రదాయం. వాళ్ల కట్టుబాట్ల వల్ల దవాఖానాకు రావట్లేదు. రిపోర్టులో మొదటి పేజీకి అదే పెడదాం."

నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. సంప్రదాయం అన్న మాటను ఆయన చెడ్డగా అనలేదు, జాలిగా అన్నాడు. ఆ జాలికే నాకు ఎక్కువ కోపమొచ్చింది.

మా ఊరి రైల్వే స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. ఆ పేరు చూసి దిగిన యాత్రికులు బయటికొచ్చి గుడి ఎటు అని అడుగుతారు. ఆటో వాళ్లు ఇది కొత్తగూడెం, ఇంకా చాలా దూరం పోవాలని చెబుతారు. పాపం వాళ్లు బోర్డు వైపు మళ్లీ ఒకసారి తిరిగి చూస్తారు. చిన్నప్పటినుంచి ఆ ముఖాలు చూసి పెరిగినదాన్ని కాబట్టి, ఒక కాలమ్‌కు భాష అని పేరు పెట్టినంత మాత్రాన లోపల ఉన్నది భాషే అని నేను నమ్మను. దిగి, అడిగి, చూసుకోవాలి.

మోడల్ నడిపే ముందు చేయాల్సిన పని ఒకటుంది. తొందరలో అందరూ ఎగ్గొట్టేది అదే. కాలమ్‌లను రెండేసి చొప్పున పక్కపక్కన నిలబెట్టి, ఒకటి పెరిగితే రెండోది కూడా పెరుగుతోందా, రెండూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తున్నాయా అని చూడాలి. చూపించడానికి గళ్ల పటం ఒకటి వేస్తాం. కలిసి నడిచే కాలమ్‌ల గడి ఎర్రబడుతుంది. నేను వేసిన పటంలో భాష, వాగు కలిసే గడి ఎండుమిరపకాయ రంగులో ఉంది. ఆ తర్వాత ఇంకో పరీక్ష పెట్టాను. ఒక కాలమ్ చెప్పేదాన్ని మిగతా కాలమ్‌లన్నీ కలిసి ముందే చెప్పేస్తున్నాయా అని కొలిచే అంకె అది. ఐదు దాటితే జాగ్రత్త పడమంటారు, పది దాటితే ఆ కాలమ్ బరువును నమ్మొద్దంటారు. మా రెండు కాలమ్‌లూ పదిని దాటి ఎటో పోయాయి.

దీన్ని మల్టీకొలినియారిటీ అంటారు. పేరు నోరు తిరగదు గానీ, విషయం మా బాయి, అంటే బొగ్గుగని, క్వార్టర్లలో పెరిగిన ఏ పిల్లకైనా చెప్పొచ్చు. మా నాన్న బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. మొదటి షిఫ్టుకు సైరన్ మోగేది. అదే సమయానికి అమ్మ స్టవ్వు వెలిగించేది, పక్క క్వార్టర్‌లో పంపు కింద బిందె మోగేది, నాన్న బూట్లు గచ్చు మీద టకటకమనేవి. నాకు మెలకువ వచ్చేది. నిన్ను లేపింది ఏంది అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి? అన్నీ రోజూ కలిసే వస్తాయి. సైరన్ అన్నా తప్పనలేరు, బూట్లన్నా తప్పనలేరు, రుజువు మాత్రం దేనికీ ఉండదు. ఒకసారి సమ్మె అయింది. సైరన్ మోగింది. అమ్మ స్టవ్వు వెలిగించింది. బిందె కూడా మోగే ఉంటుంది. బూట్లు మాత్రం మంచం కిందే ఉన్నాయి. ఆ రోజు నేను ఎండ ముఖం మీద పడేదాకా పడుకున్నాను. నన్ను లేపేది సైరన్ కాదని నాకు అలా తెలిసింది. కలిసి వచ్చేవాటిలో ఏది ఏం చేస్తోందో తెలియాలంటే, అవి విడిపోయే రోజు ఒకటి దొరకాలి.

ఇదంతా సార్‌కు ఇంత వివరంగా చెప్పలేదు. రెండు మోడళ్లు నడిపి పక్కపక్కన పెట్టాను. ఒకదాంట్లో వాగును తీసేసి భాషను ఉంచాను. రెండోదాంట్లో భాషను తీసేసి వాగును ఉంచాను. ఏ ఇంట్లో కాన్పు ఎక్కడ జరుగుతుందో రెండూ సమానంగానే పసిగట్టాయి.

"చూడండి, అక్యురసీ ఏమీ తగ్గలేదుగా," అన్నాడు సార్. "మరి గొడవేంటి?"

"అంచనా మారదు సార్. నింద మారుతది. దీంట్ల తప్పు భాషది, దాంట్ల తప్పు వాగుది. ఏది నిజమో ఈ డేటాకు తెల్వదు. తెలిసినట్టు మనం రాస్తున్నం."

ఆయన కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, తర్వాత చాలా మెత్తగా అన్నాడు. "రెండిట్లో ఏది ఉంచినా ఒకటే అని మీరే అంటున్నారు. అయితే భాషనే ఉంచుదాం. వాగు తీసేయండి."

కలిసి నడిచే రెండు కాలమ్‌లలో ఒకదాన్ని తీసేయమని పాఠాల్లో కూడా చెబుతారు. ఏది తీయాలో చెప్పరు. చాలాచోట్ల అది పెద్ద విషయం కూడా కాదు. ఇల్లు ఎన్ని గజాలో, ఎన్ని అడుగులో రెండూ ఉంటే ఏది తీసినా ఎవరికీ నష్టం లేదు. ఇక్కడ వాగును తీస్తే జీపు పోతుంది. వాగును ఎక్సెల్లో తీసేయొచ్చు, శ్రావణంలో తీయడం ఎవరి వల్లా కాదు. అదే మాట సార్‌తో అన్నాను. జీపు ఖర్చు పెట్టేవాళ్ల రివ్యూ దగ్గర పడుతోందని మాత్రం ఆయన అన్నాడు.

అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. ఇవతల, తారురోడ్డు పక్కనే కోయ ఊళ్లున్నాయి. అమ్మ పుట్టింటికి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి ప్రతిసారీ చూసే ఊళ్లే. ఆ ఇళ్లకు భాష ఒకటి, వాగు సున్నా పడాలి. నా సమ్మె రోజు అవే. మరి టేబుల్‌లో భాషా వాగూ అంత గట్టిగా ఎలా అంటుకున్నాయి? వెతికితే ఆ ఊళ్లలో ఒక్కటీ లేదు. మొదట్లో వచ్చిన ముడి డేటా తెరిస్తే కొన్నిటి పేర్లు ఉన్నాయి, పేరు పక్కన ఇళ్ల వివరాలేమీ లేకుండా ఒకే ఒక్క మాట ఉంది: సహకరించలేదు. ఖాళీ వరుసలు కాబట్టి డేటా శుభ్రం చేసేటప్పుడు ఎవరో తుడిచేశారు.

సర్వే టీం లీడర్‌ది కూడా మా క్వార్టర్లే. నన్ను అక్కా అని పిలుస్తాడు, ఇద్దరు పిల్లల తండ్రి. పిలిచి అడిగాను.

"అది గాదక్కా," అన్నాడు. "వాన పడితే వాగు దాటలేమని లోపలి ఊళ్లన్నీ ముందుగాల చేసేసినం. రోడ్డు ఊళ్లు ఎప్పుడైనా చెయ్యొచ్చని ఆఖర్న పెట్టుకున్నం. తీరా పోతే ఊరి ముంగట ఆడోళ్లు రోడ్డుకు అడ్డంగ తాడు పట్టుకొని నిలబడ్డరు. బండి కదలనియ్యలే. ఊళ్లె మొగోళ్లు ఒక్కలు గూడ లేరు. లొల్లి ఎందుకని మర్రొచ్చినం."

"యాప్‌ల ఏం కొట్టిర్రు?"

"సహకరించలేదు అని ఒక బటన్ ఉంటది గదా. అది."

"అన్ని ఊళ్లకా?"

"పోయినకాడల్లా గట్లనే తాడు పట్టిర్రు. ఇగ మిగిలినయాటికి పోనేలే."

నేను నుదురు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత నవ్వాను. అతను భయపడ్డాడు.

అది భూమి పండుగ. విత్తనం నేలలో పడకముందు కోయ ఊళ్లు చేసుకునే పండుగ. ఏ ఊరు ఎప్పుడు చేసుకోవాలో ఆ ఊరి పెద్దలే పెట్టుకుంటారు కాబట్టి ఈ ఊళ్లో అయ్యాక ఆ ఊళ్లో నడుస్తూ ఉంటుంది. మగవాళ్లు వేటకని అడవిలోకి పోతారు. ఆడవాళ్లు రోడ్డు మీదికొచ్చి తాడు అడ్డం పట్టి, వచ్చేపోయే బండ్లను ఆపి, పాడి, ఆడి, పండుగకు ఏదో ఒకటి ఇప్పించుకుని వదులుతారు. బస్సునైనా ఆపుతారు, పోలీసు జీపునైనా ఆపుతారు. మా అమ్మ పెళ్లికి ముందు ఆ తాడు పట్టిన మనిషే. వాగు దాటి తారురోడ్డుకొచ్చి బొగ్గు లారీని ఆపి డ్రైవర్‌తో రెండడుగులు ఆడించామని ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. మా సర్వే వాళ్లు ఆ పండుగను తిరస్కారమని రాసుకొచ్చారు. నాలుగు మాటలు అడిగి, చేతికొచ్చింది ఇచ్చి, నవ్వుకుంటూ దాటాల్సిన తాడు దగ్గర వెనక్కి తిరిగారు.

దాని ఫలితం చూడండి. రోడ్డు పక్క కోయ ఊళ్లన్నీ టేబుల్‌లోంచి పోయాయి. కోయ మాట్లాడే ఇల్లంటే వాగు అవతల ఇల్లే అయిపోయింది. వాగు అవతల తెలుగు మాట్లాడే వాళ్లు ఉన్నారు గానీ చాలా కొద్దిమంది, మోడల్ కంటికి ఆననంత కొద్ది. రెండు కాలమ్‌లూ ఒకటి కాక ఇంకేమవుతాయి? అడవి వాటిని కలపలేదు, భాష కలపలేదు. మేమే కలిపి, మేమే చూసి, వీళ్ల సంప్రదాయమే ఇంత అని తీర్పు రాశాం.

రివ్యూ లోపల సర్వే మళ్లీ చేయడానికి టైం లేదన్నాడు సార్. నాకు సెలవులు ఉన్నాయి, అవి పెట్టుకున్నాను. టీం లీడర్ అడగకుండానే తన బండి తీశాడు. నేను చేసిన తప్పు నేనే దిద్దుత అక్కా అన్నాడు గానీ, ఆ తాడు గురించి అతనికి చెప్పినవాళ్లు ఎవరున్నారు? తప్పు అతనిది ఎంతో, ఆ బటన్ పెట్టినవాళ్లది అంతకన్నా ఎక్కువ.

మేం పోయిన మొదటి ఊళ్లో పండుగ ఇంకా నడుస్తోంది. రోడ్డు మలుపు తిరిగేసరికి తాడు. అతను బ్రేకు కొట్టి నా వైపు చూశాడు.

"ఏడికి పోతరమ్మా, ఆగుర్రి. పండుగ చేసుకుంటున్నం, మాకేమన్న ఇచ్చి పోర్రి," అంది తాడు పట్టిన ఒకామె.

నేను దిగి కోయలో జవాబు చెప్పాను. నా కోయ అమ్మ దగ్గర విని నేర్చుకున్నది, మధ్యమధ్యలో కొత్తగూడెం తెలుగు దూరిపోతుంది. వాళ్లు నా యాసకు తాడు వదిలేసి మరీ నవ్వారు. ఎవరి బిడ్డవు, ఏ ఊరు అని అడిగారు. అమ్మ ఊరు చెప్పాక ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది, అమ్మమ్మ పోలిక వచ్చిందని మిగతావాళ్లకు చెప్పింది. నా చేతిలో ఉన్నది ఇచ్చాను. నాతో పాటు టీం లీడర్‌ను కూడా వరుసలో నిలబెట్టి ఆడించారు. అతని అడుగులు చూసి వాళ్లు ఇంకా నవ్వారు. ఆ తర్వాత మమ్మల్ని నీడకు తీసుకుపోయి నీళ్లిచ్చి, ఏం కావాలో అడగమన్నారు. దీన్ని సహకరించడం అంటారో అనరో నాకు తెలియదు.

చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఒకామెను అడిగాను, కాన్పు ఎక్కడ అయిందని.

"దవాఖాన్ల. ఇంకేడైతది?"

"ఇంట్ల ఎందుకు కనలే?"

ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "ఆటో ఇంటి ముంగటికే వస్తది. ఇంట్ల ఎందుకు కంటం? నువ్వైతే ఇంట్ల కంటవా?"

ఇంట్లో కన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లనూ రాశాను, ఒక్కరినీ వదల్లేదు. నేను అబద్ధమాడానని సార్ అనకూడదు, నాకు నేను అనుకోకూడదు. ఆ రోడ్డు ఊళ్లన్నీ తిరిగొచ్చి, తెలుగు మాట్లాడే రోడ్డు ఊళ్లతో పోల్చి చూస్తే ఇంట్లో కన్నవాళ్ల వంతు అక్కడెంతో ఇక్కడా అంతే.

ఆ వరుసలు కలిపి గళ్ల పటం మళ్లీ వేశాను. ఎర్ర గడి వెలిసిన గులాబీ రంగుకు దిగింది. అంతకుముందు పది దాటిన ఆ పరీక్ష అంకె ఐదు కిందికి వచ్చింది. మోడల్ నడిపితే భాష మీద పడ్డ బరువు కరిగిపోయింది, వాగు తన బరువుతో నిలబడింది, మైనస్ గుర్తు పోయింది. ఆడవాళ్లు వాగు ఈదడం మానేశారన్నమాట. ఆఫీసులో నేను ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను.

సార్ అంతా చూశాడు. తప్పు పట్టలేదు, అర్థం కాలేదని కూడా అనలేదు. "చాలా బాగా చేశారమ్మా," అన్నాడు. "కానీ ఇది ముందు పెడితే మన సర్వే సరిగా చేయలేదని మనమే ఒప్పుకున్నట్టు. చివర్లో అనుబంధంగా పెడదాం."

"ఎవరూ చదవనికాడ పెడదామంటున్నరు సార్."

"మీ కాంట్రాక్టు పొడిగింపు కూడా దగ్గర్లోనే ఉంది. నేను మీ మంచికే చెబుతున్నాను."

బెదిరించలేదు. నిజంగానే నా మంచి కోరి అన్నాడు. నా మంచి ఒకటి, వాగు అవతలి ఆడవాళ్ల మంచి ఒకటి అని ఆయన ఎప్పుడు విడదీశాడో నాకు అర్థం కాలేదు. నా సీటుకొచ్చి కొత్త వరుసల ఫైలును నా లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను.

ఇంటికి పోయేసరికి అమ్మ మరదలితో ఫోన్లో ఉంది. ఫోన్ నాకిచ్చింది. మా మరదలికి తిన్నావా, పన్నావా అని సాగదీసే అలవాటు లేదు.

"జీపు ఉంటదా వదినా? తీసేస్తరని ఇక్కడ అనుకుంటున్నరు."

"ఉంటది."

"నువ్వు చెప్తే ఉంటదా?"

"అవ్. నేను చెప్తే ఉంటది."

ఆ మాట అనడానికి నాకు ఏ అధికారమూ లేదు. అన్నాక వెనక్కి తీసుకునే ఉద్దేశం కూడా లేదు.

రివ్యూకు జీపు ఖర్చు భరించేవాళ్ల తరఫున ఒక పెద్ద మేడమ్ వచ్చింది. సార్ ఒక్కో పేజీ తెర మీద చూపిస్తూ మాట్లాడాడు. వాగు బొమ్మ వచ్చింది, జీపు బొమ్మ వచ్చింది. తర్వాత పెద్ద అక్షరాలతో ఆ వాక్యం వచ్చింది, ఇళ్లలో కాన్పులకు ప్రధాన కారణం సంప్రదాయం అని. నేను లేచి నిలబడ్డాను.

"అది తప్పు మేడమ్," అన్నాను.

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. నేను ఆగలేదు. నా లాప్‌టాప్ తీసుకెళ్లి తెరకు తగిలించాను. ఎర్ర గడి చూపించాను. వాగు తీసేస్తే ఒక మాట, భాష తీసేస్తే ఇంకో మాట చెబుతున్న రెండు మోడళ్లు చూపించాను. ఈ డేటాతో భాష, వాగు రెండిట్లో ఒకదాన్ని దోషి అనడం సరికాదని చెప్పాను. తాడు సంగతి చెప్పాను, తుడిచేసిన ఊళ్ల సంగతి చెప్పాను, అవి తిరిగి కలిపితే ఏమైందో చెప్పాను. గొంతు పెరిగిందని తెలుస్తూనే ఉంది, తగ్గించలేదు.

మేడమ్ ఓపిగ్గా విన్నది. విని, కొంచెం నవ్వి అడిగింది. "మీరు ఆ ప్రాంతం వాళ్లేనా? కోయ వాళ్లా?"

"మా అమ్మ కోయ మేడమ్."

"అదీ. మన వాళ్ల మీద ప్రేమ ఉండడం సహజమే. కానీ లెక్క చూసేటప్పుడు దాన్ని పక్కన పెట్టాలి."

గదిలో కొందరు తలూపారు. ఇంతసేపూ లెక్కే చెప్పాను. లెక్క విన్నాక అమ్మ ఎవరని అడిగారు. ఇక నాకు మొహమాటం అనిపించలేదు.

"పక్కన పెట్టను మేడమ్. లెక్కలోనే పెడత," అన్నాను. "మా అమ్మకు మీ కాలమ్‌ల ఒకటి పడతది. మా అమ్మమ్మ మా అమ్మను వాగు అవతల ఇంట్లనే కన్నది. మా అమ్మ నన్ను కొత్తగూడెంల బాయి దవాఖాన్ల కన్నది, క్వార్టర్ నుంచి నడుచుకుంట పోయి. మా అమ్మ భాష మారలే. దేవుడు మారలే. ఇప్పటికీ కలలు కోయలనే కంటది. మధ్యల వాగు లేదు మేడమ్, గంతే. ఆ వరుస నేనే. మీరు తుడిచేసిన వరుస ఇట్లుంటది, చూసుకోండి."

మేడమ్ నవ్వు ఆపింది. ఆ రోడ్డు ఊళ్ల లెక్క మళ్లీ ఒకసారి చూపించమంది. ఈసారి కుర్చీ ముందుకు లాక్కుంది, అడిగిన ప్రశ్నలు కూడా వేరేగా ఉన్నాయి. ఆ ఊళ్లలో ఇంట్లో కన్నవాళ్లను కూడా రాశారా అని అడిగింది. రాశానని చూపించాను. చివరికి ఈ వానాకాలమంతా జీపు ఉంటుందని, వానలు తగ్గాక మళ్లీ చూద్దామని అంది. మొదటి పేజీలో వాక్యం మార్చమని సార్‌కు చెప్పింది. నాకు సారీ చెప్పలేదు, నేను ఆశించలేదు కూడా.

సార్ చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. నన్ను మీరు అనడం మాత్రం మానలేదు. కాంట్రాక్టు సంగతి ఇంకా తేల్చలేదు. తేలినప్పుడు తేలనీ. యాప్‌లో సహకరించలేదు అన్న బటన్ నొక్కితే, ఎందుకో నాలుగు మాటలు రాయందే ముందుకు కదలకుండా చేయించాను. అది నా కాంట్రాక్టు కన్నా ఎక్కువ కాలం ఉంటుంది.

శ్రావణంలో వాగు రెండు ఒడ్లూ మింగింది. మా మరదలికి తెల్లవారుతుండగా నొప్పులు మొదలయ్యాయి. జీపు ఇంటి ముందుకొచ్చింది. ఒడ్డు దగ్గర పడవవాళ్లు ధార కొంచెం తగ్గేదాకా ఆగి దాటించారు. ఇవతల అంబులెన్స్ సిద్ధంగా ఉంది. నేను భద్రాచలం దవాఖానాకు చేరేసరికి పిల్ల పుట్టేసింది, పిడికిళ్లు రెండూ బిగించి ఏడుస్తోంది. మా మామ తలగుడ్డ తీసి ముఖం తుడుచుకుంటున్నాడు. అమ్మ కోయలో పిల్లతో ఏదో మాట్లాడుతోంది. ఆ మాటలకు పిల్ల ఏడుపు ఆపింది.

నేను కిటికీ పక్కన నిలబడి ఫోన్లో టేబుల్ తెరిచి, జీపు అని ఒక కాలమ్ కొత్తగా కలిపాను.

"ఏంది వదినా," అంది మరదలు, అలసిపోయిన గొంతుతో. "బిడ్డను చూడకుండ ఫోన్ చూస్తున్నవ్."

"నీ బిడ్డనే రాస్తున్న."

భాష, ఒకటి. వాగు, ఒకటి. జీపు, ఒకటి. కాన్పు, దవాఖానా. నా కొత్త వరుస పిడికిలి బిగించి నిద్రపోతోంది. దీన్ని ఎవరు తుడుస్తారో రమ్మనండి, నేను ఇక్కడే ఉన్నాను.